పతకం అంచున పేరు

1980 జనవరిలో ప్రపంచ మార్కెట్లో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపులకు ఎగబాకింది. అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగేయడంతో వచ్చిన పోటు అది. ఎక్కువ కాలం నిలవలేదు. కానీ ఆ కొద్ది కాలంలోనే మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకాలు లెక్కలేనన్ని మూసల్లో కరిగిపోయాయి. బ్రిటిష్ వార్ మెడల్ అనే ఆ పతకాన్ని వెండితో 65 లక్షల దాకా ముద్రించారు. ఒక్కొక్కటీ దాదాపు ఔన్సు బరువున్న స్టెర్లింగ్ వెండి. పతకంగా అమ్మితే వచ్చే డబ్బు కన్నా కరిగిస్తే వచ్చేదే ఎక్కువైంది, కరిగించారు. మన ఊళ్లలో అంతకు చాలా ముందు నుంచీ జరుగుతున్నదే ఇది. పటాలంలో చేసి వచ్చిన తాత పోయాక ఆయన వెండి బిళ్లలు మనవడి మొలతాడుకో, మనవరాలి పట్టీలకో కంసాలి కుంపటిలోకి వెళ్లాయి. ఇంట్లో ఉన్న వెండిని అవసరానికి వాడుకున్నవాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ వెండితో పాటు ఏం కరిగిందో తెలుసుకోవడం అవసరం.

పాత సైనిక పతకానికి ధర మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది లోహం, దాన్ని కాటా చెబుతుంది. రెండోది రకం. ఏ యుద్ధం, ఏ క్లాస్పు (పోరాటం పేరుతో రిబ్బను మీద అమర్చే పట్టీ), ఎన్ని ఇచ్చారు అన్న సంగతులు ముద్రిత కేటలాగుల్లో దొరుకుతాయి. మూడోది పతకం అంచున చెక్కిన పేరు. అది ఎవరిది, అతను ఎక్కడ పోరాడాడు, ఆ పతకం నిజంగా అతనిదేనని చూపే కాగితం ఉందా అన్నవి ఎవరో ఒకరు కూర్చుని వెతికితే తప్ప తేలవు. సైనిక స్మారక వస్తువుల సేకరణలో నిజమైన విద్య అంతా ఈ మూడో దానిలోనే ఉందని నా నమ్మకం. కత్తులు, టోపీ బ్యాడ్జీలు, బొత్తాలు, యూనిఫారాలు, నీళ్ల సీసాలు, ఉత్తరాలు, ఫొటోలు అన్నీ ఈ సేకరణలోకే వస్తాయి. ఈ సమీక్షలో మాత్రం భారత సైన్యపు పతకాల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. ఒక మామూలు సిపాయి పేరును ప్రభుత్వం తానుగా లోహం మీద వేయించి అతని చేతికిచ్చిన వస్తువులు చాలా తక్కువ. అందులో పతకం ముందు వరసలో ఉంటుంది.

పేరు మొదటి నుంచీ లేదు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకు ఇచ్చిన తొలి యుద్ధ పతకం దక్కన్ మెడల్. 1778 నుంచి 1784 దాకా పశ్చిమ భారతంలోనూ కర్ణాటిక్ ప్రాంతంలోనూ జరిగిన యుద్ధాలకు దాన్ని బంగారంతో, వెండితో చేయించారు. దాని మీద పర్షియన్ రాత ఉంటుంది గానీ సిపాయి పేరు ఉండదు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక వచ్చిన పతకం ఇంకా ప్రసిద్ధం. కూక్లర్ అనే కళాకారుడు దాని నమూనా గీశాడు, బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాల ముద్రించింది. ఒక వైపు మైసూరు పులిని అణచివేస్తున్న బ్రిటిష్ సింహం, రెండో వైపు కోట మీద దాడి. ఆ పతకంలో హోదా మొత్తం లోహంలోనే ఉంది. పై వాళ్లకు బంగారం, తర్వాతి వాళ్లకు బంగారు పూత వెండి, ఆ తర్వాత వెండి, కంచు, చివర సిపాయికి తగరం. సోహోలో వేసినవి 48 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి, కలకత్తాలో వేసిన రకం 45 మిల్లీమీటర్లు. కొనేవాళ్లు మొదట చూడాల్సిన కొలత ఇదే. తగరం మెత్తటి లోహం, తొందరగా అరిగి నల్లబడుతుంది. అందుకే అన్నిటికన్నా ఎక్కువగా పంచిన తగరపు పతకం, సింహం జూలు కూడా చెరగకుండా ఈ రోజు దొరకడం కష్టం. నిజాం సైన్యం కూడా ఆ ముట్టడిలో కంపెనీ వైపే ఉంది కాబట్టి దక్కన్‌లో ఈ పతకం ఎక్కడైనా బయటపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పతకం అంచున పేరు కనిపించే వరకు చాలామంది సిపాయిలు బతకలేదు. 1803 నుంచి 1826 వరకు సాగిన మరాఠా, నేపాల్, బర్మా యుద్ధాలన్నిటికీ కలిపి ఆర్మీ ఆఫ్ ఇండియా మెడల్‌ను 1851లో గానీ మంజూరు చేయలేదు. బతికున్నవాళ్లకే ఇస్తామన్నారు. అస్సాయే యుద్ధం జరిగింది 1803 సెప్టెంబరు 23న. ఆ రోజు ఇరవై ఏళ్ల వాడైన మద్రాస్ సిపాయి ఈ పతకం అందుకోవాలంటే డెబ్బై ఏళ్ల దాకా బతికి, తన ఊళ్లో ఈ వార్త విని, అర్జీ పెట్టుకుని ఉండాలి. ఈ పతకానికి 21 క్లాస్పులు ఉన్నాయి, భారతీయుల పేర్లతో దొరికేవి మాత్రం చాలా అరుదు. అస్సాయేను ఆ క్లాస్పు మీద కొంచెం తేడాగా, ‘అస్యే’ అని చదవాల్సిన వర్ణక్రమంలో రాశారు. సరైన వర్ణక్రమంతో ఉన్న క్లాస్పు దొరికితే దాన్ని అనుమానించాలి.

1854లో మొదలైన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ నుంచి కథ మారింది. ఒకే పతకం, కొత్త యుద్ధం వచ్చినప్పుడల్లా రిబ్బను మీద కొత్త క్లాస్పు. అంచున నంబరు, హోదా, పేరు, పటాలం. దాని తర్వాత 1895, 1908, 1936 సంవత్సరాల్లో వచ్చిన పతకాలూ ఇదే పద్ధతి నడిపాయి. 1885-87 బర్మా యుద్ధం నుంచి ఇంకో రకం వచ్చింది. సైన్యం వెంట నడిచిన నీళ్ల భిస్తీలకు, చాకళ్లకు, వంటవాళ్లకు, కంచర గాడిదలు తోలేవాళ్లకు అదే పతకాన్ని వెండికి బదులు కంచుతో చేసిచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఈ వివక్ష కొనసాగింది. బ్రిటిష్ వార్ మెడల్‌ను కంచుతో 1,10,000 దాకా వేసి చైనా, మాల్టా, భారత్‌ల లేబర్ కోర్‌ల వంటి దళాల వాళ్లకు పంచారు. ఈ కంచు పతకాలు ఇప్పుడు చాలా సందర్భాల్లో వెండివాటి కన్నా ఎక్కువ పలుకుతాయి. తక్కువ వేశారు, పైగా కరిగించే ఆశ ఎవరికీ కలగలేదు కాబట్టి ఉన్నవి కూడా చెడకుండా మిగిలాయి. వాటి అంచుల మీద హోదా స్థానంలో ‘భిస్తీ’, ‘డ్రైవర్’, ‘కుక్’ అని చదువుతుంటే, యుద్ధ చరిత్ర పుస్తకాలు వదిలేసిన జనం వరుసగా కనిపిస్తారు. ఈ సేకరణలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఇవే.

ఇక గుర్తింపు. అంచు చదవడం అక్షరాలు కూడబలుక్కోవడంతో అయిపోదు. భారత సైన్యానికి ఇచ్చిన చాలా పతకాల మీద పేర్లు కలకత్తా టంకశాలలో పడ్డాయి. పందొమ్మిదో శతాబ్దపు వాటిలో ఎక్కువగా వాలు రాతతో చెక్కినవి కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి అచ్చులతో కొట్టిన పెద్దక్షరాలు. ఏ కాలపు పతకానికి ఏ రాత ఉండాలో తెలిసినవాడికి సగం నకిలీలు అక్కడే దొరికిపోతాయి. పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. వెంకటస్వామి, రామస్వామి, అప్పలస్వామి రకరకాల వర్ణక్రమాలతో కనిపిస్తారు. చాలాసార్లు ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు ఉండదు. ఒకే పటాలంలో నలుగురు రామస్వాములున్నప్పుడు వాళ్లను వేరు చేసేది ముందున్న నంబరు ఒక్కటే. అందుకే నంబరు అరిగిపోయిన పతకం, పేరు పూర్తిగా కనిపిస్తున్నా, చరిత్రకారుడి దృష్టిలో సగం మూగబోయినట్టే.

పటాలం పేరు అసలు చిక్కుముడి. భారత సైన్యం పటాలాలకు 1903లో సేనాధిపతి కిచ్‌నర్ కాలంలో ఒకసారి, 1922లో మరోసారి పేర్లూ అంకెలూ మార్చింది. తెలుగు ఇళ్లలో దొరికే పతకాలకు సంబంధించి మూడు ఉదాహరణలు చెబుతాను. మొదటిది మద్రాస్ సాపర్లు. తెలుగువాళ్లు తరతరాలుగా చేరిన ఇంజనీరింగ్ దళం ఇది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీని పేరు సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. అంచు మీద 2 అంకె, క్యూ.వి.ఓ., ఎస్. అండ్ ఎం. అన్న పొడి అక్షరాలే ఉంటాయి, మద్రాస్ అన్న మాట కనిపించదు. అది తెలియని అమ్మకందారు దాన్ని ఏ ఉత్తరాది దళానిదో అనుకుని అమ్మేస్తాడు. రెండోది 62వ పంజాబీస్. పేరు చూసి పంజాబ్ అనుకుంటాం. కానీ అది పుట్టింది మద్రాస్ తీరంలో, 1759లో. చాలాకాలం మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ రెండో పటాలంగా ఉండి అస్సాయేలో పోరాడింది. బ్యాడ్జీ మీద ఏనుగు అందుకే. 1880ల నాటి పతకం మీద మద్రాస్ అనీ 1914 నాటి పతకం మీద పంజాబీస్ అనీ ఉంటే అవి రెండు వేర్వేరు పటాలాలు కాకపోవచ్చు.

మూడోది హైదరాబాద్. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ పదాతి దళాలు 1903లో 94 నుంచి 99 వరకు అంకెలు తెచ్చుకుని భారత సైన్యంలో కలిసిపోయాయి. 94వ రసెల్స్, 95వ రసెల్స్, 96వ బేరార్, 97వ దక్కన్, 98వ ఇన్‌ఫాంట్రీ, 99వ దక్కన్. వీటిలో 98వది 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర దిగింది. అక్కడ తుపాకీ గుళ్లకు తోడు రెచ్చిపోయిన తేనెటీగలు కూడా ఆ సిపాయిల మీద పడ్డాయి. 1922లో ఈ పటాలాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి, 1945లో ఆ రెజిమెంట్ పేరు కుమావూఁ రెజిమెంట్‌గా మారింది. టాంగాలో పోరాడిన 98వ ఇన్‌ఫాంట్రీయే నేటి 4వ కుమావూఁ. స్వతంత్ర భారతంలో తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ 1947 నవంబరు 3న బడ్గామ్‌లో ప్రాణాలిచ్చింది ఈ బెటాలియన్‌లోనే. ఈ వరస తెలిస్తే ‘98 ఇన్‌ఫాంట్రీ’ అన్న మాటల వెనుక నూటయాభై ఏళ్ల కథ కనిపిస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పతకం మీద హైదరాబాద్ అని ఉన్నంత మాత్రాన ఆ సిపాయి తెలుగువాడని అనుకోకూడదు. కంటింజెంట్ ఎక్కువగా ఉత్తర భారతం నుంచే మనుషులను చేర్చుకుంది.

తెలుగు పేర్లు కొన్ని కాలాల్లో ఎక్కువగా, కొన్ని కాలాల్లో తక్కువగా ఎందుకు కనిపిస్తాయో కూడా తెలిసుండాలి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి కంపెనీ యుద్ధాలను మోసింది మద్రాస్ సైన్యం. కానీ 1881 నుంచి 1885 వరకు మద్రాస్ సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, తర్వాత మొత్తం భారత సేనకు అధిపతి అయ్యాక, దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయాన్ని విధానంగా మార్చాడు. ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతం కింద మద్రాస్ పటాలాలు ఒక్కొక్కటే ఉత్తరాది మనుషులతో నిండాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దక్షిణాది వాళ్లు కొంత తిరిగి చేరినా, 1928 నాటికి మూడో మద్రాస్ రెజిమెంట్ రద్దయింది, 1933లో మద్రాస్ పయనీర్లూ రద్దయ్యారు. సాపర్లు మాత్రం నిలిచారు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డాక మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ లేపాల్సి వచ్చింది. కాబట్టి 1890కి ముందటి తెలుగు పేర్ల పతకాలు, 1939 తర్వాతి పతకాలు ఎక్కువ, ఆ మధ్య కాలానివి తక్కువ. ఆ మధ్య కాలపు పతకం ఒకటి తెలుగు పేరుతో కనిపిస్తే, మార్కెట్లో దాని ధర ఎంతైనా సరే, దాన్ని జారవిడవకూడదు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊరు మనకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తరం తర్వాత తరం సైన్యానికి మనుషులను పంపిన ఊరది. అలాంటి ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పతకాల అంచులన్నీ రాసుకోగలిగితే ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర అక్కడ దొరుకుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకు పతకాలతో పాటు ఒక కంచు ఫలకం కూడా వచ్చింది. అరచేతి కన్నా పెద్దది, దాదాపు అయిదు అంగుళాలు. ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ గీసిన నమూనా. బ్రిటానియా, సింహం, ఒక పక్క దీర్ఘచతురస్రంలో ఉబ్బెత్తు అక్షరాలతో చనిపోయినవాడి పేరు. హోదా రాయలేదు, పటాలం రాయలేదు, ఎందుకంటే చావులో అందరూ సమానమని దాన్ని తయారుచేసినవాళ్లు తీర్మానించారు. మొత్తం 13 లక్షల పైచిలుకు పోతపోశారు. ఆ సమానత్వమే సేకర్తకు చిక్కు తెచ్చిపెడుతుంది. పేరు మాత్రమే ఉన్న ఫలకం ఏ పటాలపు ఏ సిపాయిదో తేల్చాలంటే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం పట్టికలు వెతకాలి. భారతీయ సిపాయిల నమోదుల్లో చాలా చోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. బస్రా, న్యూ షాపెల్ స్మారకాల పట్టికలు, రెండో యుద్ధానికైతే రంగూన్ దగ్గరి టౌక్యాన్ స్మారకం పట్టికలు తిరగేస్తుంటే గోదావరి, విశాఖపట్నం, నెల్లూరు జిల్లాల పేర్లు ఇంగ్లీషు ముసుగులో తగులుతాయి.

నకిలీల సంగతికి వస్తే, ఉత్త నకిలీ కన్నా ప్రమాదకరమైనది సగం నిజమైనది. పతకం అసలైనదే, అంచు మీది పాత పేరును ఆకురాయితో అరగదీసి మంచి ధర పలికే పటాలం వాడి పేరు చెక్కుతారు. లోహం అరగదీస్తే వ్యాసం తగ్గుతుంది. 36 మిల్లీమీటర్లు ఉండాల్సిన పతకాన్ని కాలిపర్‌తో నాలుగైదు చోట్ల కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. వేలి గోరుతో అంచు మీద తడిమినా, రెండు ముఖాల చుట్టూ ఉండాల్సిన సన్నటి గట్టు కొన్ని చోట్ల పలచబడినట్టు తెలుస్తుంది. రెండో రకం, అసలు పతకం నుంచి అచ్చు తీసి పోతపోసినది. పోతపోసిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి అది అసలు దాని కన్నా ఒక పిసరు చిన్నదిగా ఉంటుంది. రాజు గడ్డపు వెంట్రుకలు ముద్దగా కనిపిస్తాయి, ఉపరితలం మీద సూది మొనంత గుంటలుంటాయి. రిబ్బనును, బట్టను అతినీలలోహిత కాంతి కింద పెట్టి చూడడం మరో పరీక్ష. రెండో యుద్ధం తర్వాత వచ్చిన దారాల్లో, సబ్బుల్లో వాడిన తెల్లదనపు రసాయనాలు ఆ కాంతికి నీలంగా మెరుస్తాయి. అయితే పాత పతకానికి కొత్త రిబ్బను కట్టుకోవడం ఏ సిపాయికైనా సహజం. రిబ్బను మెరిసినంత మాత్రాన పతకాన్ని పారేయకూడదు.

రెండో ప్రపంచ యుద్ధపు పతకాల దగ్గర ఈ విద్య చాలావరకు మొండిచేయి చూపిస్తుంది. బ్రిటన్ తన సైనికులకు వాటిని పేర్లు లేకుండానే ఇచ్చింది, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మాత్రం పేర్లు వేయించుకున్నాయి. మన ఇళ్లలో దొరికేవాటిలో పేరున్నవీ లేనివీ రెండూ కనిపిస్తాయి. భారత పటం ముద్రించిన ఇండియా సర్వీస్ మెడల్, బర్మా స్టార్, వార్ మెడల్ వంటివి పేరు లేకుండా ఉన్నప్పుడు వాటిని నమ్మదగినవిగా చేసేది పక్కనున్న డిశ్చార్జి సర్టిఫికెట్టు, పింఛను పుస్తకం, యూనిఫారంలో దిగిన ఫొటోనే. ఇంకో మాట. సైన్యంలో ఉన్నవాళ్లు రోజువారీ కవాతులకు వేసుకోవడానికి కంటోన్మెంటు దర్జీ దగ్గర నకలు పతకాలు కుట్టించుకుంటారు. అది మోసం కాదు, సైన్యంలో మామూలే. తర్వాతి తరం వాటిని అసలువని అమ్మినప్పుడే తప్పు మొదలవుతుంది.

ఆజాద్ హింద్ పతకాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నేతాజీ 1942లో జర్మనీలో ఉండగా స్థాపించిన షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్ అనే పురస్కారాలను వియన్నాలోని సౌవాల్ సంస్థ తయారుచేసింది. యుద్ధం ముగిశాక కూడా అదే సంస్థ అవే అచ్చులతో సేకర్తల కోసం మళ్లీ మళ్లీ ముద్రించింది. అంటే నమూనా, లోహం, తయారీదారు అన్నీ సరిపోయినా పతకం యుద్ధకాలానిది కాకపోవచ్చు. వీటి మీద పేర్లూ ఉండవు. దేశభక్తితో కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి ధరలు కూడా ఎక్కువే. ఫలానా మనిషికి ఇచ్చినట్టు కాగితం చూపనిదే వీటికి పెద్ద మొత్తం పెట్టకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

కత్తులు, బ్యాడ్జీల గురించి కొద్దిగా. బ్యాడ్జీ మీద ట్యూడర్ కిరీటం ఉంటే 1901 తర్వాతి రాజుల కాలం, అశోక సింహాలుంటే 1950 తర్వాతి కాలం. విల్కిన్సన్ కత్తి మీది సీరియల్ నంబరుతో ఆ సంస్థ రిజిస్టరు చూస్తే అమ్మిన ఏడాది తెలుస్తుంది. సైనిక సామాను మీద బాణం గుర్తు పక్కన ఐ అక్షరం ఉంటే అది భారత సైన్యపు సరుకు. అన్నిటికన్నా పెద్ద పాఠం టిప్పు సుల్తాన్ కత్తిది. టిప్పు పులి గుర్తుతో కత్తులని చెప్పి అమ్మేవి మన బజార్లలో లెక్కలేనన్ని. 2023 మే 23న లండన్‌లో బోన్‌హామ్స్ వేలంలో ఒక్క కత్తి కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. ఉక్కు నాణ్యత, బంగారు అక్షరాలు ఆ ధరలో ఒక భాగమే. టిప్పు పడకగదిలో దొరికిందనీ, శ్రీరంగపట్నం ముట్టడిలో దాడికి నాయకత్వం వహించిన డేవిడ్ బెయిర్డ్‌కు సైన్యం బహూకరించిందనీ చెప్పే ఆధారాలే మిగతా ధరను తెచ్చాయి. అయితే కోట దోపిడీ తర్వాత చేతులు మారిన వస్తువుకు ఆ దోపిడీ ఆధారమే ధర పెంచడం నాకు మింగుడుపడదు. దానిని కొనేవాళ్లూ దాచేవాళ్లూ ఈ సంగతి మరచిపోకూడదు.

మార్కెట్లో ధర ఎలా నిలుస్తుందో ఇప్పుడు చెప్పుకోవచ్చు. సాహస పతకానికి యుద్ధ పతకం కన్నా ఎక్కువ, అరుదైన క్లాస్పుకు మామూలు క్లాస్పు కన్నా ఎక్కువ, యుద్ధంలో చనిపోయినవాడి పతకానికి తిరిగొచ్చినవాడి దాని కన్నా ఎక్కువ. ఒకే మనిషి పతకాలన్నీ కలిసి ఉంటే విడివిడిగా అమ్మిన మొత్తం కన్నా చాలా ఎక్కువ. అన్నదమ్ములు తలా ఒకటి పంచుకోవడం వల్ల మన ఇళ్లలో పోయిన విలువ ఇక్కడే పోయింది. 2006లో సిడ్నీలో కెప్టెన్ ఆల్ఫ్రెడ్ షౌట్ గల్లిపోలీ విక్టోరియా క్రాస్ 12 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. కొన్నవాళ్లు దాన్ని దేశ యుద్ధ స్మారక మ్యూజియానికి ఇచ్చేశారు. మనవాళ్లకు ఆ విక్టోరియా క్రాస్ అర్హతే 1911 దాకా లేదు. 1837లో మొదలైన ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ దగ్గరే ఆపేశారు.

ఒకే యుద్ధంలో ఒకే కందకంలో ఉన్న బ్రిటిష్ అధికారి పతకానికి, అతని కింది సిపాయి పతకానికి ధరలో పదింతల తేడా ఉండడం మామూలు. కారణం వీరత్వంలో తేడా కాదు. బ్రిటిష్ సైనికులకు కార్డులు, పట్టికలు లండన్‌లో ఉన్నాయి. 1940లో జర్మన్ బాంబులకు మొదటి ప్రపంచ యుద్ధపు సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయినా పతకాల కార్డులు మిగిలాయి. వాటితో ఎవరైనా ఆ సైనికుడి కథ రాయగలరు, కథ రాయగలిగినదానికే ధర వస్తుంది. సిపాయిలకు అలాంటి కార్డులు చాలామందికి లేవు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు పట్టికలు పాత యుద్ధాలకు పనికొస్తాయి గానీ మామూలు కుటుంబానికి అవి అందుబాటులో ఉండవు. అంటే ఈ ధరల తేడా మన వైపు పరిశోధన జరగకపోవడం వల్ల వచ్చింది. ఒక సిపాయి నంబరుతో అతని ఊరు, పటాలం, యుద్ధం జతచేసి చూపగలిగిన ప్రతిసారీ ఆ పతకం ధర పెరగడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

చట్టం తెలియకుండా ఈ పనిలోకి దిగకూడదు. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లు నిండిన వస్తువు దాని కింద పురావస్తువు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలు ఇప్పుడు ఆ నూరేళ్ల గీత దాటాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మనవడు తాత పతకాన్ని సూట్‌కేసులో వేసుకుని వెళ్లాలనుకుంటే ముందు భారత పురావస్తు శాఖను సంప్రదించాలి. ఆయుధాల చట్టం మరింత గట్టిది. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు తుపాకీకే మినహాయింపు. పేలగలిగినవాటికి లైసెన్సు తప్పనిసరి, 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవైనా రెండుకు మించి ఉండకూడదు. ఇక పాత గుండ్లు, బాంబులు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి, అప్పటి జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. అలాంటిది పొలంలోనో పెరట్లోనో కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడం ఒక్కటే చేయాల్సింది.

ఇంట్లో ఉన్నదాన్ని కాపాడుకోవడం తేలికే. చింతపండుతో, విభూతితో, పళ్లపొడితో పతకాన్ని తోమకూడదు. ప్రతి తోముడుకూ రాజు ముఖంతో పాటు అంచు మీది అక్షరాలూ పలచబడతాయి. వెండి నల్లబడితే నల్లగానే ఉండనివ్వాలి, కొనేవాళ్లు కూడా అదే కోరుకుంటారు. కంచు మీద పచ్చటి చిలుం పొడిలా రాలుతుంటే మాత్రం సంరక్షకుల దగ్గరకు తీసుకెళ్లాలి. పీవీసీ కవర్లలో పెట్టకూడదు, మెత్తటి నూలు గుడ్డలోనో ఆమ్లం లేని కాగితంలోనో చుట్టి సిలికా జెల్ పొట్లంతో ఉంచితే మన వానాకాలపు తేమను తట్టుకుంటుంది. ఫొటోలూ కాగితాలూ ఏ పతకానివో ఆ పతకంతోనే ఉండాలి. అంచు మీది రాతను ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా, ఒక కాగితం మీద దించి దాచాలి.

చివరిగా మన మ్యూజియాల గురించి ఒక మాట. పతకాలను అద్దాల పెట్టెల్లో వెల్లకిలా పరుస్తారు. రాణి ముఖమో రాజు ముఖమో పైకి కనిపిస్తుంది, సిపాయి పేరున్న అంచు ఎవరికీ కనిపించదు. కార్డు మీద ‘వెండి పతకం, బ్రిటిష్ కాలం’ అని రాసి ఊరుకుంటారు. పతకం కింద చిన్న అద్దం వంపుగా అమర్చితే అంచు కనిపిస్తుంది. అది వీలుకాని చోట కార్డు మీద నంబరు, హోదా, పేరు, పటాలం తెలుగులో రాయించడానికి ఒక గుమాస్తా, ఒక భూతద్దం చాలు. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ, విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ మ్యూజియాలు తమ దగ్గరున్న ప్రతి సైనిక పతకానికీ ఈ నాలుగు వివరాలూ రాయించి ఆ పట్టికను అందరికీ అందుబాటులో పెట్టాలి. అప్పుడు ఏ ఊరివాళ్లయినా వచ్చి తమ ముత్తాత పేరు వెతుక్కోగలుగుతారు.